తలలో నరం చిట్లితే ఊపిరితిత్తులకు ఏమవుతుంది?

తిరుపతిలో ఏ పెద్దాసుపత్రి న్యూరో ఐసీయూ బయట కూర్చున్నా ఒక ప్రశ్న వినపడుతూనే ఉంటుంది. "తలలో నరం చిట్లిందన్నారు, సరే సార్. మూడో రోజుకొచ్చేసరికి లంగ్స్‌కి ఇన్ఫెక్షన్ అంటున్నారు. వచ్చినప్పుడు ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కదా?" అడిగే గొంతులో టెన్షన్‌తో పాటు అనుమానం కూడా ఉంటుంది. ఇక్కడికొచ్చాకే ఏదో జరిగింది, ఎవరో సరిగ్గా చూసుకోలేదు అని. ఆ అనుమానం ఒక్కోసారి నిజమే కావచ్చు. కానీ చాలామందిలో ఊపిరితిత్తుల కథ ఆసుపత్రి గేటు దాటకముందే మొదలై ఉంటుంది. కొందరిలోనైతే నరం చిట్లిన నిమిషాల్లోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. డాక్టర్ హడావుడిలో "ఛాతీలో నిమ్ము చేరింది" అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతారు. ఆ ఒక్క ముక్క కింద నాలుగైదు వేరువేరు సమస్యలు ఉండొచ్చు. అందులో ఒక సమస్య రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఒకదానికి యాంటీబయాటిక్ కావాలి. ఇంకోదానికి రక్తం పలచబడే మందు కావాలి, తలలో రక్తం కారినవాళ్లకు ఆ మందు ఇవ్వాలంటేనే భయం. ఏది ఏదో తెలుసుకోవడానికి ఇంట్లోవాళ్లకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఒక్కటే: ఆయాసం ఎప్పుడు మొదలైంది?

ముందుగా తల సంగతి క్లుప్తంగా. దెబ్బ తగలకుండా మెదడులో రక్తస్రావం అయ్యేది ప్రధానంగా రెండు రకాలు. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేక లోపలి సన్నటి రక్తనాళం తెగి, రక్తం మెదడు కణజాలంలోకే చేరడం ఒకటి. ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది, పెద్ద నాళం గోడ ఒకచోట పలచబడి ఉబ్బి, ఆ ఉబ్బు పగిలి, మెదడు చుట్టూ ఉన్న పొరల మధ్యకు రక్తం పారడం. దీన్ని సబ్‌అరక్నాయిడ్ హెమరేజ్ అంటారు. పుట్టి బుద్ధెరిగాక ఇంత తలనొప్పి ఎరగను అని రోగి చెప్పేది సాధారణంగా ఇందులోనే. ఏ రకమైనా పుర్రె గట్టి ఎముక కాబట్టి లోపల రక్తం చేరితే ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి నుంచే ఛాతీ దాకా దారులు పడతాయి.

మొదటి దారి నిమిషాల నుంచి గంటల్లో తెరుచుకుంటుంది. మెదడులో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు శరీరాన్ని పరుగెత్తించే నరాల వ్యవస్థ మొత్తం ఒకేసారి చెలరేగుతుంది. అడ్రినలిన్, నార్అడ్రినలిన్ రక్తంలోకి వరదలా వస్తాయి. ఒంట్లోని రక్తనాళాలన్నీ బిగుసుకుపోతాయి, బీపీ చుక్కలనంటుతుంది, రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లుతుంది. అక్కడి నాళాలు వెంట్రుక కన్నా సన్నవి. మన మామిడి తోటల్లో డ్రిప్ లైన్‌కి మోటారు ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే జాయింట్లు వదులై నీళ్లెలా చిమ్ముతాయో, ఆ సన్నటి నాళాల గోడల్లోంచి ద్రవం గాలి గదుల్లోకి అలా కారిపోతుంది. ప్రెషర్ తగ్గినా జాయింటు మళ్లీ బిగుసుకోవడానికి టైం పట్టినట్టే, బీపీ దిగాక కూడా ఆ కారడం కొంతసేపు ఆగదు. నోట్లోంచి గులాబీ రంగు నురగ రావడం, ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లగా కనిపించడం, ఆక్సిజన్ పడిపోవడం దీని గుర్తులు. పేరు న్యూరోజెనిక్ పల్మనరీ ఎడీమా. సబ్‌అరక్నాయిడ్ హెమరేజ్‌లో ఎక్కువగా చూస్తాం. అదే అడ్రినలిన్ దెబ్బకు గుండె కండరం కూడా తాత్కాలికంగా నీరసపడొచ్చు, అందుకే తలలో నరం చిట్లిందని వచ్చిన మనిషికి ఎకో (గుండె స్కాన్) ఎందుకు తీస్తున్నారని ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇది ఇన్ఫెక్షన్ కాదు. ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్ పెట్టి, మెదడు ఒత్తిడి తగ్గించే పని చూసుకుంటే చాలామందిలో 48 నుంచి 72 గంటల్లో నెమ్మదిస్తుంది. రోగి వచ్చిన రోజే రెండు ఊపిరితిత్తులూ తెల్లబడి, మూడో రోజుకు ఎక్స్‌రే తేటపడిందంటే జరిగింది బహుశా ఇదే.

రెండో దారి ఇంతకన్నా మామూలుది, ఇంతకన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది. మన భాషలో చెప్పాలంటే పొలమారడం. అన్నం తింటూ మాట్లాడితే మెతుకు అడ్డదారి పట్టి దగ్గొస్తుంది కదా, ఆ దగ్గే మన కాపలాదారు. మెదడు మొద్దుబారితే దగ్గు పనిచేయదు, గుటక కుదరదు, నాలుక వెనక్కి జారిపోతుంది. అదే సమయంలో తలలో ఒత్తిడి వల్ల వాంతి వస్తుంది. వెల్లకిలా పడుకున్న మనిషికి వాంతి వస్తే అది వెళ్లడానికి మిగిలిన దారి శ్వాసనాళమే.

పలమనేరు దగ్గర పల్లెలో ఒక మనిషి పొలంలో కూలబడ్డాడనుకుందాం. ముందు నలుగురూ చేరి మొహాన నీళ్లు కొడతారు. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. ఒకరు సోడా తాగించబోతారు. పక్షవాతమని తేలితే ఇంకొకరు పసరు మందు పోద్దామంటారు. తర్వాత కారు వెనక సీట్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల ఎవరో ఒడిలో పెట్టుకుని, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు, అక్కడ సీటీ తీశాక తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో. దారిలో మనిషి గుర్రుగుర్రుమని గురక పెడుతుంటే "నిద్రపోతున్నాడు, పడుకోనీ" అనుకుంటారు. అది నిద్ర గురక కాదు. నాలుక వెనక్కి జారి, గొంతులో చేరిన ఉమ్మి, వాంతి మధ్య గాలి కష్టపడి వెళ్తున్న చప్పుడు. ఐసీయూలో మూడో రోజు కనిపించే న్యుమోనియాకు విత్తనం చాలాసార్లు ఆ వెనక సీట్లోనే పడుతుంది. మనిషిని ఒక పక్కకు, వీలైతే ఎడమ పక్కకు, తిప్పి పడుకోబెట్టి, నోటిని కొద్దిగా కిందికి వంచి, నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకుండా తీసుకురావడం పైసా ఖర్చు లేని పని. 108 వాళ్లకు ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్స్‌లో ఆక్సిజన్, ఆ పని తెలిసిన మనిషీ ఉంటారు. కారే ముందు దొరికిందని బయల్దేరేవాళ్లను తప్పుపట్టలేం గానీ, పడుకోబెట్టే తీరు మాత్రం మన చేతిలోనే ఉంది.

లోపలికి వెళ్లిన దాంట్లోనూ రెండు రకాలున్నాయి. కడుపులోని ఆసిడ్ వెళితే ఊపిరితిత్తి లోపల కాలినట్టవుతుంది. కొన్ని గంటల్లోనే జ్వరం, ఆయాసం వస్తాయి, క్రిముల పాత్ర అప్పటికింకా లేదు. నోట్లోని క్రిములతో కూడిన ఉమ్మి కొద్దికొద్దిగా జారితే రెండు మూడు రోజులకు అసలైన న్యుమోనియా అవుతుంది. కుడి వైపు శ్వాసనాళం కాస్త వెడల్పు, ఎడమదాని కన్నా నిటారు, అందుకే ఎక్స్‌రేలో మచ్చ ఎక్కువసార్లు కుడి ఊపిరితిత్తి కింది భాగంలో కనిపిస్తుంది. ఇంకో సంగతి, జ్వరం వచ్చినంత మాత్రాన అది ఛాతీ జ్వరమే కానక్కర్లేదు. మెదడులో కారిన రక్తమే కొందరిలో జ్వరం తెప్పిస్తుంది. డాక్టర్లు కఫం కల్చర్‌కు పంపి, రిపోర్టు కోసం రెండు మూడు రోజులు ఆగమనడం ఇందుకే.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పొలమారిన ప్రతి ఒక్కరికీ న్యుమోనియా రాదు. ఆరోగ్యవంతులు కూడా నిద్రలో ఎంతోకొంత ఉమ్మిని లోపలికి పీల్చుకుంటూనే ఉంటారు, వ్యాధినిరోధక శక్తి దాని పని పడుతుంది. మెదడు దెబ్బతిన్నాక ఆ శక్తే పడిపోతుంది. ఇందాక చెప్పుకున్న అడ్రినలిన్ పోటు, దానితో పాటు పెరిగే స్టెరాయిడ్ హార్మోన్లు కలిసి తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లను తగ్గించేస్తాయి. బెర్లిన్ శాస్త్రవేత్తలు 2003లో ఎలుకల్లో దీన్ని చూపించారు. స్ట్రోక్ (మెదడు రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో) తెప్పించిన ఎలుకలకు న్యుమోనియా వచ్చింది, అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ప్రొప్రనలాల్ ఇస్తే తగ్గింది. మెదడు తనకు తగిలిన దెబ్బతో ఒంటి కాపలాను కూడా ముంచుతోందన్నమాట.

అలాంటప్పుడు మొదటి రోజే యాంటీబయాటిక్ మొదలుపెడితే సరిపోదా? ఇంట్లోవాళ్లే కాదు, డాక్టర్లూ ఇలాగే ఆలోచించారు. నెదర్లాండ్స్‌లో 2,500 మందికి పైగా స్ట్రోక్ రోగులతో, బ్రిటన్‌లో గుటక సరిగా పడని 1,200 మందికి పైగా రోగులతో పెద్ద అధ్యయనాలు చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. ముందుజాగ్రత్తగా ఇచ్చిన యాంటీబయాటిక్ న్యుమోనియాను ఆపలేదు, రోగులు కోలుకోవడంలో తేడా తేలేదు. అయితే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్‌పై పెట్టాల్సి వచ్చిన వాళ్ల లెక్క వేరేలా ఉంది. గొట్టం వేసిన 12 గంటల్లోపు సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒకే ఒక్క డోసు ఇస్తే మొదటి వారంలో వచ్చే న్యుమోనియా తగ్గిందని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం ఒకటి చెప్పింది. ఒక్క డోసు, వారం రోజుల కోర్సు కాదు. అవసరం లేకుండా రోజుల తరబడి వాడే యాంటీబయాటిక్ ఐసీయూలో మొండి క్రిములను పెంచి పోషిస్తుంది. "పవర్‌ఫుల్ ఇంజెక్షన్ ముందే వేసెయ్యండి సార్" అని బతిమాలేవాళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకుంటే బాగుంటుందనిపిస్తుంది.

ఇక వెంటిలేటర్. మన దగ్గర ఆ పేరు వింటే చాలు, "ఇంక అంతే" అని ఏడుపులు మొదలవుతాయి. తలలో రక్తం కారిన మనిషికి మొదటి రోజు వెంటిలేటర్ పెట్టారంటే అతని ఊపిరితిత్తులు పాడయ్యాయని అర్థం కాదు. స్పృహను 3 నుంచి 15 దాకా మార్కులేసి కొలుస్తారు. అది 8కి పడిపోతే మనిషి తన గొంతును తాను కాపాడుకోలేడని లెక్క. వాంతి లోపలికి పోకుండా గొట్టం వేస్తారు, గొట్టం వేశాక మిషన్ తప్పదు. కాపాడటానికి వేసిన ఆ గొట్టమే రోజులు గడిచేకొద్దీ ఇంకో దారి తెరుస్తుంది. గొట్టం చివర గాలి నింపిన చిన్న బెలూన్ ఉంటుంది. నోటి నుంచి జారే ఉమ్మి దాని పైన చేరి నిలవ ఉంటుంది, బెలూన్ పక్కల నుంచి కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. గొట్టం వేసి 48 గంటలు దాటాక వచ్చే న్యుమోనియాను వెంటిలేటర్ న్యుమోనియా అంటారు. ఇందులో కనిపించే ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా లాంటి క్రిములు చాలాసార్లు మామూలు మందులకు లొంగవు.

ఆసుపత్రి శ్రద్ధ బయటపడేది ఇక్కడే, ఇక్కడ ప్రశ్నలు అడిగే హక్కు ఇంట్లోవాళ్లకు పూర్తిగా ఉంది. మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి ఉందా లేదా చూస్తే కనపడుతుంది. రోజూ పళ్లు తోమి నోరు శుభ్రం చేస్తున్నారా, బెలూన్ ప్రెషర్ చూస్తున్నారా, గొట్టం ఇంకా అవసరమా అని రోజూ ఆలోచిస్తున్నారా అని నర్సును నెమ్మదిగా అడగొచ్చు. సక్షన్ చేసేటప్పుడు చూసినవాళ్లకు మాత్రం గుండె తరుక్కుపోతుంది. సన్నటి ట్యూబు గొట్టంలోకి దించగానే మనిషి మొహం ఎర్రబడుతుంది, ఒళ్లంతా అదురుతుంది, మానిటర్ మీద అంకెలు పరుగులు పెడతాయి, చిక్కటి కఫం గరగరమంటూ సీసాలోకి వస్తుంది. చూడలేక "ఎందుకు సార్ హింస" అంటారు. ఆ దగ్గు ఎంత బలంగా వస్తే మెదడు అంత మేలుకుంటోందని చూస్తున్న నర్సుకు తెలుసు.

అసలు చిక్కుముడి ఇప్పుడొస్తుంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని, వాచి, ద్రవం నిండి, రక్తానికి ఆక్సిజన్ అందించలేని ఏఆర్‌డీఎస్ అనే స్థితికి చేరితే, వాటికి మేలు చేసే వైద్యం మెదడుకు చేటు చేయగలదు. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి గాలిని చిన్నచిన్న మోతాదుల్లో పంపాలని 2000లో అమెరికాలో 861 మందిపై చేసిన అధ్యయనం తేల్చింది. ఒక్కో శ్వాసకు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల బదులు 6 మిల్లీలీటర్లు ఇస్తే మరణాలు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. అప్పటి నుంచి ప్రపంచమంతా అదే పద్ధతి. చిన్న మోతాదు ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరుగుతుంది, మామూలు ఏఆర్‌డీఎస్ రోగిలో దాన్ని పట్టించుకోరు. తలలో రక్తం ఉన్న మనిషిలో మాత్రం అది పెరిగితే మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను కూడా బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు, అది ఒక్క మిల్లీమీటర్ పెరిగితే మెదడుకు వెళ్లే రక్తం 3, 4 శాతం పెరుగుతుంది. అప్పటికే ఇరుకైన పుర్రెలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మరీ తగ్గించేస్తే నాళాలు ముడుచుకుని మెదడుకు రక్తం చాలదు. కాబట్టి దాన్ని 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య పట్టి ఉంచాలి.

బోర్లా పడుకోబెట్టడం కూడా అంతే. కోవిడ్ రోజుల్లో అందరికీ తెలిసిన చికిత్స అది. మెదడు వాచి ఉన్నవాళ్లలో మెడ తిరిగి, తల నుంచి రక్తం కిందికి దిగడం కష్టమై ఒత్తిడి పెరగొచ్చు. మిషన్‌లో ప్రెషర్ పెంచితే ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి, బీపీ పడిపోయి మెదడుకు రక్తం తగ్గే ప్రమాదం ఉంటుంది. సబ్‌అరక్నాయిడ్ హెమరేజ్ అయినవాళ్లకు ఒకప్పుడు సెలైన్ దండిగా ఎక్కించేవారు. మూడు నాలుగు రోజుల నుంచి రెండు వారాల దాకా మెదడు నాళాలు బిగుసుకుపోయే గండం ఉంటుంది కాబట్టి, రక్తం పరిమాణం పెంచితే ఆ గండం గట్టెక్కుతుందని. ఆ నీళ్లు చివరికి ఊపిరితిత్తుల్లో తేలేవి. ఇప్పుడు ఎక్కువా తక్కువా కాకుండా సమంగా ఉంచుతున్నారు, నాళాల కోసం నిమోడిపిన్ 21 రోజులు ఇస్తున్నారు. ఉదయం న్యూరో డాక్టర్ ఒకటి చెప్పి, సాయంత్రం ఛాతీ డాక్టర్ దానికి విరుద్ధంగా చెబితే, వాళ్లకు పొత్తు కుదరలేదని అనుకోకండి. ఇద్దరూ ఒకే త్రాసుకు చెరో పక్క నిలబడి ఉన్నారు. రోజుకు రెండు మూడుసార్లు మణికట్టు దగ్గర రక్తం తీసి, అందులోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఏబీజీ పరీక్ష ఆ తూకం కోసమే. మంచం తల ఎత్తి ఉంచడం మెదడుకూ ఊపిరితిత్తులకూ ఒకేసారి మేలు చేసే అరుదైన పని.

కొన్ని రోజులు గడిచి, జ్వరం తగ్గి, అంతా కుదుటపడుతోందనుకున్నప్పుడు హఠాత్తుగా ఆయాసం వచ్చి, ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించకపోతే, చూపు కాళ్ల వైపు తిప్పాలి. కదలకుండా పడి ఉన్న కాలిలో, ముఖ్యంగా చచ్చుబడిన కాలిలో, రక్తం గడ్డకట్టి అది పైకి వెళ్లి ఊపిరితిత్తి నాళానికి అడ్డుపడుతుంది. మామూలు మనిషికైతే రక్తం పలచబడే మందు హెపారిన్ వెంటనే మొదలుపెడతారు. తలలో రక్తం కారి పట్టుమని పది రోజులు కాని మనిషికి ఆ మందు పూర్తి డోసులో ఇవ్వాలంటే ఎంత అనుభవమున్న డాక్టరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. కొన్నిసార్లు గడ్డ పైకి రాకుండా కడుపులోని పెద్ద సిరలో తాత్కాలికంగా జల్లెడ లాంటి ఫిల్టర్ పెడతారు. ఇంతదాకా రాకుండా మొదటి రోజు నుంచే కాళ్లకు గాలి పట్టీలు తొడుగుతారు, అవి ఉబ్బుతూ తగ్గుతూ పిక్కల్ని నొక్కుతాయి. ఇవి గడ్డల్ని తగ్గిస్తాయని 2013లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. బిగుతు సాక్సులు పనిచేయవని అంతకుముందు 2009లోనే తేలింది. మళ్లీ సీటీ తీసి రక్తస్రావం పెరగలేదని తేలితే ఒకటి రెండు రోజుల తర్వాత చిన్న డోసు హెపారిన్ మొదలుపెట్టడం ఇప్పుడు మామూలే. "తలలో రక్తం కారితే రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తున్నారేంటి" అని కంగారు పడక్కర్లేదు, ఎందుకు ఇస్తున్నారో అడిగితే చెబుతారు. ఒక కాలు రెండోదాని కన్నా వాచినట్టు, వెచ్చగా ఉన్నట్టు కనిపిస్తే మాత్రం నూనె పట్టించి మర్దన చేయకండి. ముందు డాక్టర్‌కు చూపించండి.

గుటక గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఐసీయూ దాటాక జరిగే నష్టం ఎక్కువగా అక్కడే. స్ట్రోక్ వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి గుటక సరిగా పడదు. కళ్లు తెరిచి, మనల్ని గుర్తుపట్టి, చెయ్యి నొక్కినంత మాత్రాన గొంతు కోలుకున్నట్టు కాదు. కొందరిలో పొలమారినా దగ్గు కూడా రాదు, నీళ్లు నిశ్శబ్దంగా లోపలికి జారిపోతాయి. వార్డుకు మార్చిన రోజు సాయంత్రం ఇంటి నుంచి ఫ్లాస్కులో కాఫీ వస్తుంది. "రెండు చెంచాలే, నోరు పిడచగట్టుకుపోయింది పాపం" అని పెద్దమ్మ తాగిస్తుంది. కొండ మీద నుంచి వచ్చిన బంధువు తీర్థం తెచ్చి నోట్లో పోస్తాడు. భక్తిని తప్పుపట్టే పనిలేదు. తీర్థం కళ్లకద్ది తల మీద చల్లొచ్చు, తడిగుడ్డతో పెదాలు తడపొచ్చు. గుటక పరీక్ష చేసి పర్లేదన్నాకే నోటి నుంచి ఏదైనా. ఆ పరీక్ష చేశారా లేదా అని అడగడం మర్చిపోకండి. మొదట పలచటి నీళ్ల కన్నా కాస్త చిక్కగా ఉండేవి మింగడం తేలిక.

మెలకువ ఆలస్యమయ్యేవాళ్లకు గొంతు ముందు చిన్న రంధ్రం చేసి ట్రాకియాస్టమీ గొట్టం వేస్తారు. అది చేయాలన్న రోజు ఇంట్లో సగం మంది ఒప్పుకోరు. నోట్లోని గొట్టం కన్నా అది రోగికి సుఖం, మత్తు మందు తగ్గించొచ్చు, కఫం తీయడం తేలిక, మెలకువ వచ్చాక తీసేస్తే రంధ్రం సాధారణంగా పూడుకుంటుంది. తొందరగా చేస్తే మనిషి ఎక్కువ కోలుకుంటాడా అన్నది మాత్రం 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం పెద్ద తేడా లేదు. కాబట్టి నాలుగు రోజులు ఆగుతామన్న కుటుంబాన్ని బెదిరించాల్సిన పనీ లేదు.

ఇంటికెళ్లాక ముక్కు నుంచి కడుపులోకి వెళ్లే రైల్స్ ట్యూబ్‌తో రాగిజావ పోసే పని భార్య మీదో కోడలి మీదో పడుతుంది. జావ వడగట్టి పోయాలి. పోసేటప్పుడు మనిషిని దిండ్లతో ఎత్తి కూర్చోబెట్టాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. డిశ్చార్జ్ రోజే ముక్కు అంచు దగ్గర ట్యూబు మీద పెన్నుతో గీత పెట్టించుకోండి. ఆ గీత బయటికి జరిగి కనిపిస్తే ట్యూబు కదిలినట్టే, ఆ పూట ఏమీ పోయకుండా దగ్గర్లోని నర్సుకో డాక్టర్‌కో చూపించాలి. జ్వరం, కొత్తగా గురగురమనే కఫం, మామూలు కన్నా మత్తుగా ఉండడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాలి. ఈసారైనా వెనక సీట్లో పక్కకు తిప్పి పడుకోబెట్టండి.